కన్నడ అక్షరాల్లో మా తెలుగు పత్రిక

చిక్కబళ్లాపురం ఇంకా జిల్లా కాని రోజుల్లో, చింతామణిలో ఒక పట్టుగూళ్ల వ్యాపారి పట్టురైతుల కోసం తెలుగులో మాసపత్రిక మొదలుపెట్టాడు. వ్యాసాలు రాయడానికి, అచ్చుతప్పులు దిద్దడానికి నన్ను పిలిచాడు. మా వైపు తెలుగు రాయగలవాళ్లు దొరకడమే కష్టం. ఇంట్లో, పొలంలో, సంతలో అందరిదీ తెలుగే, బడి మాత్రం కన్నడం. నేనూ ఆ బడిలోనే చదివాను. తెలుగు అక్షరాలు నేర్చుకున్నది బాగేపల్లి గ్రంథాలయంలో. రెండు భాషల దినపత్రికలూ పక్కపక్కన పెట్టుకుని, ఒకే వార్తను పోల్చుకుంటూ కూడబలుక్కున్నాను. పట్టుపురుగుల మీద అక్కడున్న పుస్తకాలన్నీ చదివాను. ఆ గర్వం నాకు ఇప్పటికీ ఉంది.

రైతులంతా తెలుగువాళ్లే కదా అని పత్రిక తెలుగులో వేశాం. వాళ్లలో ఎందరు తెలుగు చదవగలరో మేమిద్దరం ఒక్కరినీ అడగలేదు.

కొన్ని సంచికలు వచ్చినా చందాలు రాలేదు. సంగతి కనుక్కుందామని మండికల్‌లో పురుగులు మేపే ఒకావిడ ఇంటికి వెళ్లాను. ప్రతినెలా ఆమెకు పత్రిక అందుతూనే ఉంది. తట్టల్లో పురుగుల కింద పరిచి ఉంది. రోగాల గురించి నేను కష్టపడి రాసిన వ్యాసం మీద పురుగులు హాయిగా ఆకు తింటున్నాయి.

"కాగితం మందంగా ఉండాదప్పా, చెమ్మ బాగా పీలుస్తాది" అని మెచ్చుకుంది.

చదవలేదా అంటే నవ్వింది. మనం మాట్లాడేది తెలుగే కదమ్మా అన్నాను.

"మాట్లాడేకి వస్తాది. సదివేకి కన్నడమే గదప్పా. ఈ మాటలే కన్నడ అక్షరాల్లో ఏయండి, మా పాప సదివి చెప్తాది."

ఈ అన్యాయం చూడమని వ్యాపారికి చెప్పుకుంటే, ఆయన ఎగిరి గంతేశాడు. వచ్చే సంచిక ఆవిడ చెప్పినట్టే కన్నడ అక్షరాల్లో రావాలన్నాడు, లేకపోతే పత్రిక మూసేస్తానన్నాడు. రెండు లిపులూ అక్కచెల్లెళ్లలా ఉంటాయని, గూళ్ల మార్కెట్లోనే వారానికోసారి తెలుగు అక్షరాలు నేర్పుతానని బతిమాలాను.

"గూళ్లమ్ముకునేకి వచ్చినోళ్ల చేతికి బళపమిస్తావా? పత్రిక నడవల్లనా, నీ అక్షరాలు నడవల్లనా, చెప్పప్పా."

పత్రికే నడవాలి. పళ్లు నూరుకుంటూ నా తెలుగునంతా నా చేత్తోనే కన్నడ అక్షరాల్లోకి ఎక్కించాను. అది చూసి బాగేపల్లి గ్రంథాలయంలో, ఏ బల్ల మీద వేయాలో తెలియక కొన్నాళ్లు తెలుగు బల్లకూ కన్నడ బల్లకూ మధ్య తిప్పారు.

చందాలు మాత్రం వచ్చాయి. ఒకరోజు చింతామణి గూళ్ల మార్కెట్లో చాకవేలు రైతు ఒకాయన నా వ్యాసం గట్టిగా చదువుతుంటే చుట్టూ జనం మూగారు. తడి ఆకు పురుగులకు వేయవద్దు, ఆరాకే వేయాలి అని రాశాను.

"యాడో ఫ్యాను కింద కూర్చోని రాసినాడు" అన్నాడొకడు. "వాన నిలిస్తే గదా ఆకు ఆరేది. అంతవరకు పురుగులు ఉపాసముంటాయా?"

అందరూ నవ్వారు. రాసింది నేనని చెప్పకుండా, ఆకును కొమ్మలతోపాటే కోసి వసారాలో తాడుకు వేలాడదీస్తే గాలికి ఆరుతుందని చెప్పాను.

"అట్లయితే దీంట్లో ఎందుకు రాయలేదంట?" అని చాకవేలు రైతు పత్రిక నా ముఖం ముందు ఆడించాడు.

నేరుగా అచ్చాఫీసుకు వెళ్లి, సణుక్కుంటూనే కాగితం తీశాను. ముందు తెలుగులో రాసి తర్వాత మార్చే ఓపిక కూడా లేకపోయింది. జవాబు మొదటి నుంచే కన్నడ అక్షరాల్లో రాశాను.