వెర్డెల్ కుర్చీ జోలికెళ్ళిన పోలీసు

షికాగో దక్షిణాన గట్టిగా మంచు పడితే, ఇంటి ముందు కారు పట్టేంత మేర పారతో తోడి, అక్కడో కుర్చీ వేస్తారు. ఎవరు తోడితే చోటు వారిది. చట్టంలో ఎక్కడా రాసి లేదు గానీ, చర్చి పాస్టరు సైతం ఆ కుర్చీ జరిపే సాహసం చెయ్యడు.

వెర్డెల్ గెయిన్స్ బడి బస్సు నడుపుతుంది. నడుము నొప్పి ఎంతున్నా నోటికి మాత్రం ఏనాడూ నలత లేదు. వంటింటి ఇనప కుర్చీని ఓ తొట్టిలో నిలబెట్టి, నీళ్ళు పోసి వీధిలో వదిలేస్తుంది. తెల్లారేసరికి అంతా గడ్డకట్టి నేలకి కరుచుకుంటుంది. ఇద్దరు మగాళ్ళు పట్టినా కదలదు.

ఆ కుర్చీనే క్రీగర్ అనే పోలీసు గడ్డపారతో పెకలించి, పక్కకి విసిరి, తన కారు పెట్టుకున్నాడు. ఎదురింటి స్నేహితుడి దగ్గర భోజనమట. వెర్డెల్ జుట్టుకి చుట్టుకున్న రోలర్లతోనే బయటికొచ్చి వాడికి తలంటు పోసింది. వాడు బేడీలు వేశాడు. పైగా ఆమే కుర్చీ ఎత్తి తన భుజమ్మీద కొట్టిందని కేసు రాశాడు! ఆ కేసు తేలేదాకా బస్సు తాళాలు తిరిగి ఇచ్చెయ్యమన్నారు బడి వాళ్ళు.

పోలీసుల మీద ఫిర్యాదులు వినే ఆఫీసుకెళ్ళింది. కుర్చీ గడ్డకట్టి ఉంది, నేనెలా ఎత్తుతానంది. లేదు, విడిగానే ఉందన్నాడు క్రీగర్. ఇరుగుపొరుగు సాక్ష్యం చెబితే, ‘మీవాళ్ళేగా’ అన్నారు ఆఫీసువాళ్ళు. చివరికి ‘నిరూపణ కాలేదు’ అని ఓ ముక్క వచ్చింది. ఆ రోజు వెర్డెల్ వంటింట్లో కూర్చుని ఏడ్చింది. పొద్దున్నే తన బస్సెక్కే పిల్లల గోల లేక ప్రాణం ఉసూరుమంటోంది.

ఏడుపయ్యాక క్రీగర్ మీద సివిల్ దావా వేసింది. లాయరు ఇమానీ చర్చిలో ఆమె ఎదుట పెరిగిన పిల్ల. ప్రమాణం చేయించి క్రీగర్‌ని ప్రశ్నించే రోజున, మెట్ల మీద ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది వెర్డెల్.

“తల్లీ, నా సంగతి వాణ్ణి అడక్కు. వాడి కుర్చీ సంగతి అడుగు.”

“అదెందుకాంటీ?”

“ఈ ఊళ్ళో పుట్టిన మగాడు పెళ్ళాం గురించైనా గొప్పలు మానుకుంటాడు గానీ, కుర్చీ గురించి మానడే! కాస్త గిల్లి చూడు.”

లోపల ఇమానీ అమాయకంగా మొహం పెట్టి అడిగింది. “మీకూ కుర్చీ ఉందా సార్?”

“లేకేం? మా వీధిలో నా కుర్చీని ఎవడూ అంగుళం కదపలేడు.”

“అబ్బే, మా ఆంటీ బిగించినంత గట్టిగా ఎవరూ బిగించలేరంటారే?”

క్రీగర్ పకపకా నవ్వాడు. “ఆవిడదా! ఆ తొట్టెడు గడ్డని గడ్డపారతో రెండు పోట్లలో లేపేశాను. అదే నాదైతేనా...”

వాడి లాయరు బల్ల కింద వాడి కాలు తొక్కాడు. అప్పటికే ఆ మాట ప్రమాణం మీద రికార్డుకెక్కిపోయింది. వెర్డెల్ పిప్పరమెంటు చప్పరిస్తూ పైకప్పు చూస్తూ కూర్చుంది.

వేసవి రాకముందే క్రీగర్ రాసింది అబద్ధమని తేల్చి ఆమె మీది కేసు కొట్టేశారు. వాణ్ణి వీధుల నుంచి తప్పించి ఆఫీసు బల్ల ముందు కూర్చోబెట్టారు. వెర్డెల్ చేతికి తాళాలొచ్చాయి. ఇంజను మోత వినగానే మళ్ళీ ఏడ్చింది, ఈసారి పిల్లలందరి ముందే.

మరుసటి శీతాకాలం ఆమె బస్సు క్రీగర్ ఉండే వీధిలోంచే పోవాల్సి వచ్చింది. తోడిన చోట, గడ్డ మధ్యలో వాడి కుర్చీ నిటారుగా నిలబడి ఉంది.

“పడగొట్టేసి రమ్మంటారా, మిస్ వెర్డెల్?” అని అరిచారు పిల్లలు.

“ముట్టుకున్నారంటే చెవులు మెలేస్తా. మంచు తోడుకున్నాడు, చోటు వాడిది.”

తోడినవాడి చోటుకి ఇవ్వాల్సిన మర్యాద ఇచ్చి, వాడి పడగ్గది కిటికీ కింద మాత్రం చేతులారా హారన్ కొట్టింది.