కాళ్ళు కడుక్కున్న నీళ్ళు

భిలాయ్ సెక్టర్ 7లో నా నోటికి భయపడని వాళ్ళు లేరు. కుళాయి దగ్గర ఎవరైనా వరస తప్పితే వాళ్ళ బిందె లాగి అవతల పారేసేదాన్ని. అలాంటి నోరు ఎడారిలో ఎందుకు పడిపోయిందో ఇప్పటికీ నాకు తెలియదు.

పక్క క్వార్టర్ అమ్మాయిది రాజస్థాన్. ఆమె భర్తా మా ఆయనా స్టీలు ప్లాంటులో ఒకే షిఫ్టు. నన్ను దీదీ అంటూ నా దగ్గరే మా విజయనగరం తెలుగు నేర్చుకుంది. ఒక వేసవిలో ఆమె మరిది పెళ్ళికి మమ్మల్నీ లాక్కెళ్ళింది.

రైలు దిగి, బస్సు దిగి, చివరికి ఒంటె బండి ఎక్కాం. దారిలో ఇసుకగాలి చెంపలు వాయించింది. చచ్చిన మేకను కుక్కలు పీక్కుతింటుంటే ఎవరూ అటు చూడను కూడా చూడలేదు. ఇదేం ఊరమ్మా బాబూ అనుకున్నాను.

ఇల్లు చేరగానే ఆ అమ్మాయి అత్తగారి కాళ్ళకు మొక్కడానికి మాకంటే ముందు లోపలికి పరుగెత్తింది. గుమ్మం పక్కన ఇత్తడి బిందె, మీద చెంబు. ప్రయాణం చేసొచ్చి కాళ్ళు కడుక్కోకుండా గడప దాటడం మా ఇంటావంటా లేదు. మాకోసం పెట్టిన నీళ్ళే అనుకుని మడమలు రుద్ది రుద్ది కడిగాను. మా ఆయనకీ పోశాను. బిందె ఖాళీ అయింది.

అవి ఇంటిల్లిపాదికీ ఆ రోజు తాగే నీళ్ళట. బావి మూడు కోసుల దూరం, దాదాపు ఆరు మైళ్ళు. అత్తగారు బయటికొచ్చి, బిందె వంచి చూసి, ఎవరు పారబోశారని అరిచింది. నా కాళ్ళు అప్పటికే ఆరిపోయాయి. ఆ పిల్ల నా వైపు ఒకసారి చూసి, ముసుగు లాక్కుని, "నేనే" అంది.

ముసలావిడ ఒంటెను తోలే కర్ర అందుకుంది. మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండోదానికి మోచేతి ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. ఆమె మొగుడు నేల చూస్తూ నిలబడ్డాడు. నేనూ నిలబడ్డాను. ఛీ, నేనూ ఒక మనిషినేనా! మూడో దెబ్బకి ఆమె కూలిపోయింది, నుదురు గడపకు కొట్టుకుని చీలింది. రక్తం చూశాకే కర్ర ఆగింది.

ఆ చెయ్యి సరిగ్గా అతుక్కోలేదు. భిలాయ్ వచ్చాక ఒకరోజు కుళాయి దగ్గర ఆమె వంతు ఎవరో లాక్కుంటే నేను విరుచుకుపడ్డాను.

"ఊరుకో దీదీ," అంది ఆమె. "ఇక్కడ నీ నోరు నాకేటికి? మాలో చుట్టాల మీద చెయ్యెత్తరు. ఆ రోజు నేనే పోసీసేనని నువ్వొక్క మాట అంటే అత్త కర్ర పడీసీది. మూడు దెబ్బలకీ నీ మొహమే చూసేను."

బిందె నేను మోస్తానన్నాను. ఇవ్వలేదు.