అవతలి జట్టుకు చప్పట్లు

మొన్న శనివారం స్టేడియంలో పక్క సీటాయన తడిసిన ఉన్ని కోటు వాసన తగిలింది. మా నాన్న కోటు వాసన అదే.

ఎనభైల మొదట్లో, నాకు తొమ్మిదేళ్ళప్పుడు, నాన్న వర్జీనియాలో ఒక కాలేజీలో పాఠాలు చెప్పేవాడు. ఆ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ ఆటలకు ఇద్దరం వెళ్ళేవాళ్ళం. ఒక వానరోజు అవతలి జట్టు కుర్రాడు గాల్లోకి ఎగిరి ఒంటిచేత్తో బంతి పట్టి, మా గీత దాటి టచ్‌డౌన్ చేశాడు. స్టేడియమంతా మూగబోయింది. నాన్న ఒక్కడే లేచి చప్పట్లు కొట్టాడు.

ముందు వరుసలోని ముసలాయన వెనక్కి తిరిగి, "ప్రొఫెసర్, ఇంతకీ నువ్వు ఎవరి మనిషివి?" అంటూ వేరుశనక్కాయల పొట్లం మావైపు చాచాడు. చుట్టూ అందరూ నవ్వారు. ఇక మమ్మల్ని అక్కడ కూర్చోనివ్వరని భయపడ్డాను.

"నాన్నా, స్టాప్! వాళ్ళు మన టీమ్ కాదు."

"తెలుసురా. క్యాచ్ చూశావా, ఎంత బాగా పట్టాడో! గుంటూరులో క్రికెట్‌కి మేం ఏ జట్టుకైనా ఇలాగే చప్పట్లు కొట్టేవాళ్ళం."

"ఇది గుంటూరు కాదు. హ్యాండ్స్ పాకెట్‌లో పెట్టుకో."

పెట్టుకున్నాడు. చివర్లో మా జట్టు గెలిచినప్పుడు కూడా బయటికి తీయలేదు. ఆ తర్వాత ఎన్నేళ్ళు కలిసి వెళ్ళినా అంతే.

ఏ జట్టు మాదో నాన్నకు తెలిసేది కాదని ఇన్నేళ్ళూ నవ్వుతూ చెప్పాను. ఆయన పోయినరోజు ఇంటికి వచ్చినవాళ్ళకూ చెప్పాను. అది అబద్ధం. ఆయనకు తెలుసు.

ముసలాయన సరదాకే అన్నాడని కూడా ఇప్పుడు తెలుసు. మొన్న అవతలి జట్టువాడొకడు అలాంటి క్యాచే పట్టాడు. నా చేతులు జేబుల్లోంచి రాలేదు.