చెరిపిన పొగ

లక్సెట్టిపేట బస్టాండు ఎదుట, పాత సామాన్ల కొట్టు ముందు తుప్పు పట్టిన ఆయిల్ ఇంజన్ ఒకటి పడి ఉంది. ఒకప్పుడు ఏ రైతు బావి మీదో నీళ్లు తోడి ఉంటుంది. తిప్పి స్టార్ట్ చేసే హ్యాండిల్ ఇంకా దానికే ఇరుక్కుని ఉంది. బస్సు ఎంతకీ రాకపోవడంతో పెన్సిల్ తీసి దాన్ని గీయడం మొదలుపెట్టాను. బొమ్మ మరీ ప్రాణం లేనట్టుందని గొట్టంలోంచి కాస్త పొగ కూడా పెట్టాను.

పక్కన కూర్చుని అప్పటిదాకా ఇష్టంగా చూస్తున్న పెద్దాయన, పొగ చూడగానే చటుక్కున వెనక్కి జరిగాడు.

"గిదేంది బిడ్డా, హ్యాండిల్ గుంజకుండనే ఇంజన్ నడిపిస్తున్నవ్?"

నాకు అర్థం కాలేదు.

"ఇంజన్ అందుకోంగనే హ్యాండిల్ గుంజుకోవాలె. లేకుంటె అది గిర్రున తిరిగి చెయ్యి ఇరగ్గొడ్తది."

"అయితే హ్యాండిల్ చెరిపేస్తాను" అని రబ్బరు తీశాను.

"వద్దు. తిప్పెటోడు ఆడనే ఉన్నడు గదా. ముందుగాల ఇంజన్ ఆపు."

బొమ్మలో మనిషెవరూ లేరు. అయినా ఆయన ముఖం చూసి పొగ చెరిపాను. ఆయన ఊపిరి వదిలాడు.

ధర్మపురి బస్సు రాగానే ఎడమచేత్తో కడ్డీ పట్టుకుని ఎక్కాడు. కుడిచెయ్యి మోచేతి దగ్గర వంగింది వంగినట్టే ఉంది.

ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. పొగ పూర్తిగా పోలేదు. చూసినప్పుడల్లా ఇంజన్ ఆగిందో లేదో తేల్చుకోలేక మళ్లీ రబ్బరు అందుకుంటాను.