మూడో గుంట గ్రాఫు

దెయ్యాలంటే నాకు నవ్వొస్తుంది. మా అమ్మ దిష్టి తీస్తానంటే, ఆ మిరపకాయలు పచ్చడికి దాచమనే రకం నేను. అందుకే ఇది రాయడానికి కొంచెం సిగ్గుగానే ఉంది.

నెల్లూరులో మాది చిన్న ఆఫీసు. కావలి వైపు సముద్రం దగ్గరి రొయ్యల గుంటల్లో మీటర్లు పెడతాం. నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో అవి ఐదు నిమిషాలకోసారి మా డేటాబేస్‌కు పంపుతాయి. రైతు దాన్ని ఫోన్లో గ్రాఫుగా చూసుకుంటాడు. ఆ గ్రాఫులు తయారుచేసేది నేనే.

ఒక మబ్బు రోజు, మధ్యాహ్నం రెండున్నరకు మస్తానన్న అనే రైతు గుంటల గ్రాఫులు చూస్తున్నాను. అన్ని గీతలూ రెండున్నర దగ్గరే ఆగాయి. మూడో గుంటది మాత్రం ఆగకుండా ముందుకు పోయింది. నాలుగింటికి 3.2, నాలుగుంబావుకు 2.4, ఐదింటికి సున్నా. ఆక్సిజన్ సున్నా అంటే రొయ్యలన్నీ చచ్చినట్టే.

డేటాబేస్ నుంచి అంకెలు తెచ్చే క్వెరీలో తప్పు నాదే. ఎప్పటినుంచి చూపాలో రాసి, ఎప్పటిదాకా అన్నది మరిచిపోయాను. కానీ ఇంకా రాని గంటల అంకెలు అసలెక్కడినుంచి వచ్చాయి? అన్ని అంకెలకూ టైము వేసేది మా సర్వరే, దాని గడియారంలో తేడా అయితే మిగతా గీతలూ ముందుకు పోవాలి కదా. స్క్రీన్‌షాట్ తీసుకున్నాను.

మస్తానన్నకు వారంలో పట్టుబడి, అంటే రొయ్యలు పట్టి అమ్మే రోజు. అంతకుముందు రెండు పంటలూ తెగులుకు పోయాయి. ఇదీ పోతే గుంటలు వదిలేసి చెన్నైకి కూలికి పోతానన్నాడు. నవ్వుతాడని తెలిసీ ఫోన్ చేశాను.

"ఏందమ్మా, రేపటి పేపరు ఈ పొద్దే చదివేసినావా?" అని పగలబడి నవ్వాడు.

"నవ్వుకోన్నా. నాలుగ్గంటలకు మాత్రం ఒకసారి మూడో గుంట కాడికి పో."

"పోతాలే తల్లీ."

మేత చల్లేటప్పుడు అది చెదిరిపోకుండా, నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్లు ఆపడం అక్కడి అలవాటు. ఆ రోజు మూడింటికి మేత చల్లి, మూడో గుంట స్విచ్ మళ్ళీ వేయడం మరిచి, ఆయన టీ కబుర్లలో పడ్డాడు. నా మాట గుర్తొచ్చి నాలుగుంబావుకు వెళ్లేసరికి రొయ్యలు పైకి తేలుతున్నాయి. పరుగున పోయి స్విచ్ వేశాడు.

"బతికినాయమ్మా! అన్నీ బతికినాయి!" ఫోన్లో ఏడుస్తూనే నవ్వుతున్నాడు. నాకూ కళ్ళు చెమర్చాయి.

మర్నాడు పోల్చి చూశాను. నాలుగింటికి 3.2, నాలుగుంబావుకు 2.4. అచ్చం స్క్రీన్‌షాట్‌లోవే. అక్కడినుంచి అసలు గీత పైకి లేచింది. స్క్రీన్‌షాట్‌లోది సున్నాకు దిగింది. ముందే వచ్చిన ఆ అంకెల జాడ డేటాబేస్‌లో ఎక్కడా లేదు. ఎలా వచ్చాయో నాకు ఇప్పటికీ తెలియదు.

పట్టుబడి రోజు మస్తానన్న రెండు కిలోల రొయ్యలు పంపాడు, ఒక కిలో నాకు, ఒక కిలో గ్రాఫుకట. గ్రాఫు వాటా కూడా మేమే తిన్నాం.

మిగతా గుంటల క్వెరీలన్నీ సరిచేశాను. మూడో గుంటది మాత్రం ముట్టుకోలేదు. రోజూ మధ్యాహ్నం ఒకసారి తెరుస్తాను. గీత ఇప్పటి దగ్గరే ఆగి ఉంటే, హాయిగా అన్నానికి లేస్తాను.