ఇంగె గారి ఫ్లాట్‌లో చప్పుడు

మా అమ్మాయి తల మీద చెయ్యి పెట్టి చెబుతున్నాను, ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించింది కాదు. అసలు ఎవరికీ చెప్పకూడదనే అనుకున్నాను. చెప్పిన ప్రతిసారీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టదు. మీరే ఈ దయ్యాల కబుర్లు మొదలుపెట్టారు కాబట్టి... సరే, వినండి.

రెండువేల తొమ్మిదిలో మేం టెక్సస్‌లో, ఇర్వింగ్‌లో ఉండేవాళ్లం. రెండంతస్తుల పాత అపార్ట్‌మెంట్లు. పైన నేను, మా ఆయన కిరణ్, నాలుగేళ్ల మా సాహితి. సరిగ్గా మా కింది ఫ్లాట్‌లో ఇంగె గారు ఒక్కరే ఉండేవారు. అరవై దాటిన జర్మన్ ఆవిడ. సొంత ఊరు హాంబర్గ్. ఓడల్లో పనిచేసే టెక్సస్ ఆయన్ని పెళ్లి చేసుకుని వయసులో ఉండగానే ఇటు వచ్చేశారట. ఆయన పోయి చాలా కాలమైంది.

నాది కాకినాడ అని తెలిసిన రోజునుంచి ఆవిడకి నేనంటే అభిమానం. "అయితే నువ్వూ రేవు పిల్లవే," అనేవారు. సాయంత్రాలు కాఫీకి పిలిచి తన ఊరి కబుర్లు చెప్పేవారు. కాలవల పక్కన ఎర్ర ఇటుకల గిడ్డంగులు... గాలి తిరిగితే ఊరంతా కాఫీ గింజల వాసన, మిరియాల వాసన. పొగమంచులో ఓడ కూత వినపడితే అది ఏ ఓడో పిల్లలు కూడా చెప్పేవారట. ఆ ఊరివాళ్లు పెద్దగా మాట్లాడరట. పొద్దున్నైనా, అర్ధరాత్రైనా ఒకటే పలకరింపు, "మోయిన్". అంతే.

యుద్ధంలో బాంబులు పడి ఊరు తగలబడిపోతే, ఇళ్లు పోయినవాళ్లు చాలామంది నది పాయల మధ్య ఉన్న పల్లపు దీవిలో చెక్క ఇళ్లు వేసుకున్నారు. ఇంగె గారి అమ్మానాన్నలు కూడా. ఆవిడ పుట్టి పెరిగింది అక్కడే. కథ అక్కడిదాకా వచ్చేసరికి మాత్రం గొంతు మారిపోయేది.

"సముద్రం మాకు వంద కిలోమీటర్ల దూరం, మాధవీ. మా మంచం దాకా వస్తుందని ఎవరనుకుంటారు?"

అక్కడ ఆపేసేవారు. నేనూ గుచ్చి అడగలేదు. ఉప్పెన అంటే ఏమిటో కాకినాడవాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు.

ఆ రోజు సాయంత్రం నుంచే వాన. మామూలు వాన కాదు. చీకటి పడేసరికి కరెంటు పోయింది. హైవే మీద ట్రాఫిక్ ఆగిపోయిందని కిరణ్ ఫోన్ చేశాడు. కాసేపటికి ఎవరో తలుపు తట్టారు. తీస్తే ఇంగె గారు. చేతిలో టార్చి, తాళంచెవి.

"కాసేపు మీ ఇంట్లో కూర్చోనా? వాన గట్టిగా పడితే నేను కింద ఉండలేను."

హాల్లో కొవ్వొత్తి వెలిగించాను. సాహితి ఆవిడ ఒళ్లో తల పెట్టుకుని కార్పెట్ మీద పడుకుంది. వాన తప్ప ఏ చప్పుడూ లేదు. అప్పుడు...

టక్.

కొంచెం ఆగి... టక్, టక్.

పక్క ఫ్లాట్ అనుకున్నాను. కానీ మళ్లీ వచ్చింది. ఈసారి నా మడమకి తగిలింది. అవును... కింద నుంచి. కార్పెట్ కింద నుంచి.

సాహితి లేచి నేలకి చెవి ఆనించింది. "అమ్మా, కింద ఎవరో నాక్ చేస్తున్నారు."

"ఇంగె గారూ, మీ ఇంట్లో ఎవరైనా ఉన్నారా?"

ఆవిడ గుప్పిట తెరిచి తాళంచెవి చూపించారు. తలుపుకి తాళం వేసే వచ్చారు.

చప్పుడు కదులుతోంది. కిటికీ దగ్గర కాసేపు. సోఫా కింద కాసేపు. తర్వాత గోడ వారగా... ఎక్కడ పలచగా ఉందో వెతుకుతున్నట్టు. నాకు అప్పుడు తట్టింది. మా నేల అంటే ఆవిడ ఇంటి పైకప్పు. బల్ల ఎక్కి నిలబడితే తప్ప ఎవరికీ అందదు. బల్ల ఎక్కినవాళ్లు గదంతా ఎలా తిరుగుతారు?

అప్పుడు చెప్పారు ఆవిడ. చాలా మెల్లగా... నేల వైపే చూస్తూ.

"ఉప్పెన వచ్చిన ఆ రాత్రి నది గట్టు తెగింది. నాన్న మమ్మల్ని కప్పు మీదికి ఎక్కించారు. మా ఇంటికీ పక్కింటికీ ఒకటే కప్పు. వాళ్లు బయటికి రాలేకపోయారు. లోపల నీళ్లు పెరిగేకొద్దీ వాళ్లూ పైకి తేలారు. మా కాళ్ల కిందే తట్టేవారు... ఇలాగే. నాన్న చేతులతో రేకు పీకబోయారు. రాలేదు. 'తిరిగి తట్టండి, మనం ఉన్నామని వాళ్లకి తెలియాలి' అన్నారు. నేనూ తట్టాను."

"తెల్లారేదాకానా?"

"లేదు. అంతసేపు వాళ్లు తట్టలేదు."

ఆవిడ మోకాళ్ల మీద వంగారు. వద్దని చెప్పేలోపే వేళ్లు మడిచి నేల మీద తట్టారు. టక్, టక్.

కింద చప్పుడు ఆగిపోయింది.

వాన... కొవ్వొత్తి... ముగ్గురం ఊపిరి బిగబట్టి ఉన్నాం.

సరిగ్గా ఆవిడ అరచేతి కింద... ఒకే ఒక్కసారి... టక్.

దాని వెంటే వాసన. బురద, తారు, నానిన చెక్క. టెక్సస్‌లో ఎండాకాలం మొదలవబోతున్నా నా పాదాలు మంచులో పెట్టినట్టయ్యాయి. కింద ఎక్కడో నీళ్లు గోడకి కొట్టుకుంటున్న చప్పుడు... చప్... చప్... పడవ పక్కన వస్తుందే, అలా.

"వాళ్లకి చలేస్తోందంట," అంది సాహితి.

"ఎవరు చెప్పారు నాన్నా?"

వేలితో నేల చూపించింది.

అప్పుడే మెట్ల మీద కిరణ్ అడుగులు. అన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. కింద ఇంట్లో ఎవరో ఉన్నారని చెప్పాను. దొంగ అనుకున్నాడు. ఇంగె గారి దగ్గర తాళంచెవి తీసుకుని టార్చితో కిందికి దిగాడు. నేను మెట్ల మధ్యలో నిలబడి చూస్తున్నాను. తలుపు రావడం లేదు. నాబ్ రెండు చేతులతో పట్టుకుని, కాళ్లు తన్నిపెట్టి చాలాసేపు కష్టపడ్డాడు. చివరికి తెరిచాడు.

లోపల ఏమీ లేదు. కార్పెట్ పొడిగా ఉంది. కిటికీలు వేసే ఉన్నాయి. పైకప్పు తెల్లగా, ఒక్క మరక లేకుండా ఉంది.

"ఏం లే. తడికి డోర్ ఉబ్బింది," అన్నాడు. "పైపులల్ల గాలి చేరితే గట్లనే కొడ్తది."

ఇంగె గారు ఆ ఇంట్లో మళ్లీ పడుకోలేదు. కొన్నాళ్లు మా సోఫా మీదే. తర్వాత ఫ్లాట్ ఖాళీ చేసి డెన్వర్‌లో మేనకోడలి దగ్గరికి వెళ్లిపోయారు. అది కొండల ఊరు. వెళ్లేముందు నన్ను గట్టిగా పట్టుకున్నారు.

నేనూ పైపులే అనుకున్నాను. అనుకోవడానికి గట్టిగా ప్రయత్నించాను. కొన్నేళ్లకి మేం కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్‌కి మారాం. ఒక శీతాకాలం, శాంటా క్లారా నుంచి ఇంటికి వస్తున్నాం. వాన. కిరణ్ డ్రైవ్ చేస్తున్నాడు. ఉన్నట్టుండి అన్నాడు.

"మాధవీ, ఆ రోజు డోర్ ఉబ్బలే."

నేను తల తిప్పి చూశాను. రోడ్డు మీదే ఉన్నాయి అతని కళ్లు.

"నేను కీ పెట్టకముందే నాబ్ తిరిగింది. లోపటి నుంచి. మెల్లగ. నేను తెరుస్తున్నా అనుకున్నవ్ నువ్వు. తెరుస్తలేను... తెరుచుకోకుండ పట్టుకున్న."

"ఎంతసేపు?"

"అవతల వదిలేసేదాక."

అదేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. ఒక ముసలావిడ భయం మా అందరికీ అంటుకుందేమో. పైపులేనేమో. కానీ నిజంగా ఎవరైనా ఉండి ఉంటే... ఆ చీకట్లో, ఆ చలిలో, ఇంగె గారి జవాబు విని ఎవరైనా తలుపు దాకా వచ్చి ఉంటే... వాళ్లని బయటికి రానివ్వనిది మేమే.