టోర్కిల్ గోనె అంగీ

మా లోయలో వేటకు దారి చూపించేవాళ్ళు చాలామందే ఉండేవారు కానీ, టోర్కిల్ మెక్‌రేకి సాటి వచ్చేవాడు ఒక్కడూ లేడు. ఎండాకాలం చివర్లో ఎస్టేటుకి ఇంగ్లీషు దొరలు దిగేవారు. వాళ్ళను పొట్ట మీద పాకించి కొమ్ముల దుప్పికి తుపాకి అందేంత దగ్గరగా తీసుకెళ్ళడం, తుపాకి చేతికిచ్చి తను పక్కకు తప్పుకోవడం, ఇదీ అతని ఉద్యోగం. దుప్పి పడితే పేరు దొరది, తప్పితే తిట్లు టోర్కిల్‌వి.

వేటకు వేసుకునే అంగీ అతను తనే తయారు చేసుకున్నాడు. పడవలవాళ్ళు పారేసిన పాత వల తెచ్చి, తల మీంచి మోకాళ్ళ దాకా వచ్చేటట్టు కత్తిరించాడు. గోనెసంచుల పోగులు ఊడదీసి, బండల మీద గీకి తెచ్చిన నాచుతో కలిపి ఉడకబెట్టాడు. మట్టిరంగు పట్టిన ఆ పోగుల్ని గుప్పెడు గుప్పెడు వలకు ముడివేస్తూ చలికాలమంతా గడిపేశాడు. జావ కాచుకోవడానికి పొయ్యి ఖాళీ లేక వాళ్ళమ్మ నెత్తీనోరూ కొట్టుకుంది.

"ఒరేయ్, పెళ్ళాన్ని తెచ్చుకోమంటే గోనెల్ని తెచ్చుకున్నావు. ఇవి ఉడికేదెప్పుడు, మనం తినేదెప్పుడు?"

"ఇంకొక్క కుండే అమ్మా."

"నీ ఒక్క కుండ నాకు తెలీదా!"

చివరికి ఒకరోజు అంగీ తొడుక్కుని పెరట్లో బోర్లా పడుకున్నాడు. కాసేపటికి కోడిపెట్ట ఒకటి వీపెక్కి దర్జాగా సర్దుకుని కూర్చుంది. "గుడ్డు పెడితే చితక్కొట్టకుండా పట్టుకురా," అని గుమ్మంలోంచి అరిచింది వాళ్ళమ్మ.

వేటరోజు పొద్దున్నే ఇంటి వెనక గట్టు మీద హెదర్ పొదల కొమ్మలు పచ్చిగా విరిచి, ఊదాపూలతో సహా ఆ పోగుల మధ్య దోపుకునేవాడు. కొండల మధ్య అతను మాటు వేసే కనుమ దగ్గర ఆ పూలు పూయవు, అక్కడున్నదంతా ఎండు గడ్డి. అయినా అతనికి దిగులు లేదు. దుప్పి కంటికి రంగు పెద్దగా ఆనదు, కదలికా వాసనే దానికి ముఖ్యం. చిన్నప్పటి నుంచీ దుప్పి ఏం చూస్తుందా అని ఆలోచించినవాడికి, మనిషి ఏం చూస్తాడో ఆలోచించే అలవాటే లేకపోయింది. అంతటి వేటగాడి తెలివి అక్కడితో ఆగింది మరి.

దొరలు లేని రోజుల్లో కూడా ఆ అంగీ తొడుక్కుని, కొమ్మలు దోపుకుని, దుప్పుల మందలు ఎక్కడ మేస్తున్నాయో కనిపెట్టుకుంటూ కనుమ పైన పడుకుని ఉండేవాడు. ఆ కింది బాట మీదుగానే, లోయలో టపా పంచే మార్సలి సంచి మోసుకుంటూ వచ్చేది. ఆమెకు నడుస్తూ పైకే మాట్లాడుకునే అలవాటు ఉండేది. కుడికాలి బూటు కొరుకుతోందని, ముసలి గొర్రెలకాపరి ఒకడు తనని చేసుకుంటానని మధ్యవర్తిని పంపాడని, రాత్రి వాన చప్పుడు వింటూ ఒక్కతే పడుకోవడం ఇక తన వల్ల కాదని. మొదటిరోజే ఒక్కసారి దగ్గి ఉంటే సరిపోయేది. టోర్కిల్ దగ్గలేదు. రెండోరోజు దగ్గితే నిన్నటి మాటలూ విన్నాడని తెలిసిపోతుందనిపించింది. వారం గడిచేసరికి నోరు పూర్తిగా కట్టుబడిపోయింది.

ఆమె మీద అతనికి ప్రాణం. రేపు కనుమ దగ్గర ఏం చెబుతుందోనని రాత్రిళ్ళు పక్క మీద దొర్లేవాడు. ఆదివారం చర్చి బయట ఎదురుపడితే మాత్రం తన బూట్ల వంక చూసుకుంటూ, "వానొచ్చేట్టుంది," అనేవాడు. "వచ్చేట్టే ఉంది," అనేది మార్సలి. కాసేపు నిలబడేది, ఇంకేమన్నా అంటాడేమోనని. అనేవాడు కాదు.

అలా రెండు వేసవులు పోయాయి. ఒకనాడు బాట మీద ఆగి, న్యూజిలాండ్‌లో గొర్రెలు కాసే అన్న రమ్మన్నాడని, వచ్చే గురువారం ఈ దారినే వెళ్ళి ఓడెక్కుతానని మార్సలి గాలికి చెప్పింది.  ఏమైనా సరే, ఆ గురువారం లేచి నిలబడి తీరాలనుకున్నాడు టోర్కిల్.

గురువారం పొద్దున్నే ఎస్టేటు నుంచి కబురొచ్చింది, దొర ఒకాయన్ని కనుమకు తీసుకెళ్ళమని. కాదంటే మర్నాటి నుంచి ఇంట్లో జావ కూడా ఉండదు. వెళ్ళాడు. ఇద్దరూ గట్టు పైదాకా పాకారు. ముందు పల్లంలో పెద్ద కొమ్ముల దుప్పి, వెనక బాట. గాలి దుప్పి వైపు నుంచి వీళ్ళ మీదుగా బాట మీదికి దిగుతోంది. వేటకు అంతకన్నా మంచి గాలి ఉండదు. టోర్కిల్ తుపాకి దొర చేతికిచ్చాడు. దొరకు ఎంతకీ గురి కుదరడం లేదు.

అప్పుడు వెనక అడుగుల చప్పుడైంది. రాళ్ళ మీద పెట్టె దించిన చప్పుడు. తర్వాత మార్సలి గొంతు, దొరకు ఒక్క ముక్కా అర్థం కాని మా గేలిక్ మాటల్లో.

"టోర్కిల్, ఆ పైనున్నావని నాకు తెలుసయ్యా. ఎండు గడ్డి తప్ప ఏమీ మొలవని చోట ఊదాపూల పొద ఒకరోజు అటూ ఒకరోజు ఇటూ తిరుగుతుంటే కనపడదా? రాళ్ళతో మాట్లాడుకోడానికి నాకేమన్నా పిచ్చా? అన్నీ నీకే చెప్పుకున్నాను. ఇక నా దగ్గర ఏమీ మిగల్లేదు. నువ్వు లేచి ఒక్క మాట అను, ఈ పెట్టె మళ్ళీ మా ఇంటికి పోతుంది. లెయ్యి."

టోర్కిల్‌కి సిగ్గూ సంతోషమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. లేస్తే దుప్పి ఉరుకుతుంది. ఈయన ఒక్క గుండు కాల్చేస్తే చాలు, ఆ వెంటనే లేస్తాననుకున్నాడు.

దొర తల తిప్పకుండానే ఇంగ్లీషులో గుసగుసలాడాడు. "ఎవరామె? ఎవరిని పిలుస్తోంది?"

"ఎవరినీ కాదు దొరగారూ. గొర్రె ఏదో తప్పిపోయినట్టుంది. మీరు కానివ్వండి."

మాట నోరు దాటాక తెలిసింది, గాలి ఎటు వీస్తోందో. టపా పంచే మనిషికి ఇంగ్లీషు రాకుండా ఉంటుందా?

 కింద పెట్టె ఎత్తుకున్న చప్పుడు, బూట్ల చప్పుడు, అదీ దూరమైంది. ఎంతకో తుపాకి పేలింది. దుప్పి మోకాళ్ళ మీద కూలింది, దొర సంబరంగా కేక వేశాడు. టోర్కిల్ లేచి గట్టు దిగి పరుగెత్తాడు. మార్సలి అప్పటికే వంపు దగ్గరకు చేరింది, పిలుపు అందనంత దూరమేమీ కాదు.

"మార్సలీ! ఆ మాట నిన్ను కాదు... నేనున్నాను, ఇదిగో!"

గాలి అటే వీస్తోంది. వినబడే ఉంటుంది. ఆమె అడుగు మాత్రం ఒక్క క్షణం తడబడింది, అంతే. వెనక్కి చూడలేదు. వంపు తిరిగిపోయింది.

ఆ దుప్పికి దొర దండిగా బహుమానమిచ్చాడు. టోర్కిల్ తర్వాత కూడా చాలా ఏళ్ళు ఆ పనే చేశాడు, ఎన్నో కొమ్ములు దొరల గోడలకెక్కించాడు. పెళ్ళి మాట ఎత్తితే వాళ్ళమ్మ మీద కూడా విసుక్కునేవాడు. ఆవిడ పోయాక ఆ మాట ఎత్తేవాళ్ళే లేరు. మార్సలి న్యూజిలాండ్‌లో ఎవరినో చేసుకుందని లోయలో అనుకున్నారు. అది విన్నరోజు అతను భోజనం ముట్టలేదు.

ముసలితనంలో పని మానేశాక ఆదివారం వేసుకునే నల్లకోటు మామూలు రోజుల్లో కూడా వేసుకుని, కనుమ మీద బాట పక్కన రాయి మీద నిటారుగా కూర్చునేవాడు. అప్పటికి టపా మోస్తున్న డోలినా అనే పిల్ల ఒకరోజు ఆగి అడిగింది.

"ఎవరి కోసం పెదనాన్నా, ఇంత చలిలో?"

"ఎవరి కోసమూ కాదమ్మా. కింద నుంచి వస్తుంటే నేను కనపడ్డానా?"

"కనపడకేం? వాగు దాటినప్పటి నుంచీ కనపడుతూనే ఉన్నావు."

"వాగు దగ్గర నుంచే?" అని ముసలాయన ఆ మాట మళ్ళీ ఒకసారి చెప్పించుకున్నాడు.